స్క్రిప్ట్ కన్సల్టెంటా, సిట్టింగ్స్ టీమా: ఏది మేలు?

సీన్లు, డైలాగులతో పూర్తయిన బౌండ్ స్క్రిప్ట్ చేతిలో ఉంది, సెకండాఫ్ సాగుతోందని మీకే తెలుస్తోంది, ఎక్కడో మాత్రం దొరకడం లేదు. ఇప్పుడు బయటి నుంచి, స్క్రిప్ట్ చదివి సలహా చెప్పే ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకోవాలా, లేక హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూం తీసుకుని నలుగురు రైటర్లతో సిట్టింగ్స్ వేయాలా, అంటే రోజూ కలిసి కూర్చుని కథ చర్చించుకోవాలా? రెండూ దగ్గర నుంచి చూశాను. సినిమాకైతే కన్సల్టెంటే మేలు. అదీ ఒక్కరే, అదీ లొకేషన్లు చూడకముందే.

సిట్టింగ్స్‌ని తక్కువ చేయడం లేదు. కామెడీ పండుతుందో లేదో నలుగురి మధ్య చదివితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ నెల తిరిగేసరికి ఆ నలుగురూ కథలో మునిగిపోతారు, ఎవరు చెప్పిన సీన్‌ని వాళ్లు కాపాడుకోవడం మొదలవుతుంది. ఒక వెబ్ సిరీస్‌కి యూసుఫ్‌గూడలో ఐదుగురం నలభై రోజులు కూర్చున్నాం. హీరోయిన్ ఊరు వదిలి ఎందుకొచ్చిందో మొదటిరోజే మాట్లాడేసుకున్నాం కాబట్టి అందరికీ తెలుసు, పేపర్ మీద మాత్రం ఆ ముక్క లేదు! బయట నుంచి చదివిన ఒక పెద్దాయన పది పేజీలు తిప్పకముందే "ఈ అమ్మాయి ఇంటికి ఎందుకు ఫోన్ చేయదమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మూడు ఎపిసోడ్లు మళ్లీ రాశాం, కథ నిలబడింది.

మంచి కన్సల్టెంట్ చేసేది అదే, సీన్ రాసివ్వడు, అడుగుతాడు. తర్వాత కల్కి 2898 ఏడీగా వచ్చిన సినిమాకి సింగీతం శ్రీనివాసరావు గారు మెంటార్ అని 2020లోనే ప్రకటించారు, సినిమా విడుదలైంది 2024లో. పెద్దవాళ్లని పిలవాల్సింది అంత ముందుగానే.

అసలు గొడవంతా పేరు దగ్గర. సలహా అని మొదలైంది మెల్లగా సీన్లు రాయడం అవుతుంది, టైటిల్స్‌లో మాత్రం ఆ మనిషి కనపడడు. హాలీవుడ్ సినిమా ది గాడ్‌ఫాదర్‌లో తోటలో తండ్రీకొడుకులు మాట్లాడుకునే సీన్ రాసింది రచయిత రాబర్ట్ టౌన్, తెర మీద ఆయన పేరు పడలేదు, 1973 ఆస్కార్ వేదిక మీద ఆ సినిమా దర్శకుడు కొప్పోలా గుర్తుచేసుకున్నారు. అమెరికాలో రచయిత పేరు మీద తగాదా వస్తే అక్కడి రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ డ్రాఫ్టులు తెప్పించి చదివి తేలుస్తుంది. మన దగ్గర మాట మీద నడిచే పనే ఎక్కువ, నష్టపోయేది కొత్త కుర్రాళ్లే, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే స్క్రిప్ట్ చేతికిచ్చేముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. ఎన్నిసార్లు చదవాలి, ఎంత ఇస్తారు, ఒక్క సీన్ రాసినా టైటిల్ కార్డ్‌లో పేరు ఎలా పడాలి, ఇవన్నీ పేపర్ మీద పెట్టండి.

డైలీ సీరియల్ అయితే లెక్క వేరు. రేపు షూట్ చేయాల్సిన సీన్ పేపర్ ఈ రాత్రికి తయారవ్వాలి, బయటి మనిషి చదివి ఆలోచించి చెప్పేదాకా ఆగే టైమ్ ఉండదు. అక్కడ టీమే కావాలి. కథ ట్రాక్ మార్చేటప్పుడు, అంటే కొత్త మలుపు తిప్పేటప్పుడు మాత్రం, రాబోయే రెండు మూడు నెలల కథ ఒకే పూటలో కన్సల్టెంట్‌కి నెరేట్ చేసి, ఆయన ఎక్కడ ఆపి ప్రశ్న వేశారో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకుంటే చాలు.