‘ఆమె మీకేమైతరు?’: నల్లగొండలో మేమిద్దరం తెరిచిన జాయింట్ ఖాతా, ఆ సేవపై నా సమీక్ష

నల్లగొండ పట్టణంలోని ఒక బ్యాంకు శాఖలో నేనూ, నా సహచరీ 2024 సెప్టెంబరులో జాయింట్ పొదుపు ఖాతా తెరిచాం. ఏడాదికి పైగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. శాఖ పేరు చెప్పడం లేదు. మాకు ఎదురైన ఇబ్బంది ఆ ఒక్క శాఖకే పరిమితమైనది కాదని నా నమ్మకం. పైగా చివరకు మా పని చేసిపెట్టిన అధికారిణికి నా రాత వల్ల ఏ ఇబ్బందీ కలగకూడదు. మేమిద్దరం స్త్రీలం. పదకొండేళ్లుగా రామగిరిలో ఒకే అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను, ఆమె నర్సు.

ఇలాంటి ఖాతా అవసరమని మాకు తెలిసివచ్చింది 2022లో. ఆమెకు డెంగీ వచ్చి హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు, ఇంటి ఖర్చులకని ఇద్దరం కలిసి దాచుకున్న డబ్బంతా ఆమె ఒక్కదాని ఖాతాలోనే ఉంది. ఆమె మగతలో ఉంది, ఏటీఎం కార్డు నల్లగొండలో ఉండిపోయింది. కాగితాల మీద రక్తసంబంధీకుల సంతకం కావాలన్నారు. దేవరకొండ నుంచి ఆమె అన్న బస్సెక్కి వచ్చేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను. ఆమె కోలుకుని ఇంటికి వచ్చాక మేము తీసుకున్న మొదటి నిర్ణయం, డబ్బు ఇద్దరి పేరు మీదా ఉండాలన్నది. అయినా బ్యాంకు గడప తొక్కే ధైర్యం కూడగట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది.

మొదటిసారి 2024 జూన్‌లో వెళ్లాం. కౌంటరులో ఉన్న ఉద్యోగి మర్యాదగానే దరఖాస్తు తీసుకుని, “ఆమె మీకేమైతరు మేడం?” అని అడిగారు. మన వైపు పెళ్లిలో పక్కన కూర్చున్నవారైనా, బస్సులో సీటు పంచుకున్నవారైనా ఇద్దరిని చూడగానే అడిగే మాట ఇదే, దానిలో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ ఆ రోజు మా దగ్గర దానికి జవాబు లేదు. నేను ‘స్నేహితురాలు’ అన్నాను. “దోస్తులకు జాయింట్ ఇయ్యరు మేడం, భార్యాభర్తలకో, తల్లీబిడ్డలకో ఇస్తరు” అని ఆయన దరఖాస్తు తిరిగి ఇచ్చేశారు. అలాంటి నిబంధన ఎక్కడుందని అడగాలని నాకు తోచలేదు. వెనుక వరుసలో మా కళాశాల విద్యార్థి తండ్రి ఒకరు నిలబడి ఉన్నారన్నదే నా మనసులో మెదిలింది.

మూడు నెలల తరువాత అదే కౌంటరుకు తిరిగి వెళ్లడానికి కారణం ఒక కాగితం. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే ఈ సమీక్ష సగంలో ఆగినట్టే, ఎందుకంటే బ్యాంకు మాకు అందించిన సేవకు మూలం సుప్రీంకోర్టులో నడిచిన వ్యాజ్యమే. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ పట్టు నుంచి 2018 సెప్టెంబరు 6న విముక్తి లభించింది గానీ, నేరం కాదన్నంత మాత్రాన బంధానికి గుర్తింపు రాలేదు. ఆ గుర్తింపు కోసం 2022 నవంబరులో సుప్రీంకోర్టు తలుపు తట్టినవారిలో హైదరాబాదుకు చెందిన జంట ఒకటి ఉంది. ఆ వ్యాజ్యం ‘సుప్రియో వర్సెస్ భారత ప్రభుత్వం’గా పేరుపొందింది. మన రాష్ట్రం నుంచే ఈ ప్రశ్న దిల్లీ దాకా వెళ్లిందన్న సంగతి నాకు ఎంత ధైర్యమిచ్చిందో మాటల్లో చెప్పలేను.

అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు, పది రోజుల పాటు వాదనలు విన్నది. కళాశాలకు వేసవి సెలవులు కావడంతో కూలరు ముందు కూర్చుని ప్రత్యక్ష ప్రసారం చూశాను. ఆమె రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి పక్కనే కునుకుతూ వినేది. ధర్మాసనంలో జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు, జస్టిస్ పి.ఎస్. నరసింహ తెలుగువారు. వాదనల మధ్యలో, మే 3న, కేంద్రం తరఫున వాదిస్తున్న సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా ఒక మాట చెప్పారు: ఇలాంటి జంటల రోజువారీ ఇబ్బందులను పరిశీలించడానికి కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘం వేస్తుందని. ఆ రోజు అది పెద్ద ప్రశ్నను పక్కన పెట్టే మాటలా నాకు వినిపించింది. తరువాత మా చేతికి అందింది ఆ ఒక్క మాటే.

తీర్పు 2023 అక్టోబరు 17న వచ్చింది. బతుకమ్మ ఆటలు నడుస్తున్న రోజులవి. వివాహం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఏకాభిప్రాయంతో చెప్పారు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకు వర్తించేలా చదవడానికి ఎవరూ అంగీకరించలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎస్.కె. కౌల్ మాత్రం ఈ జంటల కలయికను గుర్తించాలన్నారు, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ కోహ్లీ, జస్టిస్ నరసింహ కాదన్నారు. మూడుకు రెండు. రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి నిర్ణయాలు, పింఛను వంటి విషయాలు కేంద్రం వేయబోయే సంఘానికి వెళ్లాయి. ఆ సంఘం 2024 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఆగస్టు 21న రిజర్వు బ్యాంకు, 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టత ఇచ్చాయి: క్వీర్ వ్యక్తులు, అంటే స్వలింగ బంధంలో ఉన్న మాలాంటివారూ, ట్రాన్స్ వ్యక్తుల వంటివారూ, జాయింట్ ఖాతా తెరవడానికి గానీ, తమతో బంధంలో ఉన్నవారిని నామినీగా పెట్టుకోవడానికి గానీ ఏ ఆంక్షా లేదు. అంటే ఆ కాగితం మాకు కొత్త హక్కేమీ ఇవ్వలేదు. జూన్‌లో మమ్మల్ని వెనక్కి పంపడానికి కారణమే లేదని తేల్చింది.

దాన్ని ప్రింటు తీసి సెప్టెంబరులో వెళ్లాం. ఈసారి కౌంటరులోని ఉద్యోగి చదివి, తనకు అధికారం లేదని లోపలికి పంపారు. అక్కడి అధికారిణి రెండుసార్లు చదివి, పై కార్యాలయానికి ఫోను చేసి, మరుసటి రోజు రమ్మన్నారు; చెప్పినట్టే మరుసటి రోజు గంటన్నరలో పని పూర్తిచేశారు. ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం తప్ప ఇంకేమీ అడగలేదు. సంబంధం అనే గడిలో ఏం రాయాలని ఈసారి నేనే అడిగాను. “మీరేమనుకుంటరో అదే రాయండమ్మా” అన్నారామె. ‘సహచరి’ అని రాశాను. కంప్యూటరులో మాత్రం ఆ మాట లేదు. ఉన్న వరుసల జాబితాలో చివరిదైన ‘ఇతరులు’ ఎంచుకోవలసి వచ్చింది. ఆ అధికారిణి మర్యాదకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలినే, కానీ పదకొండేళ్ల కాపురం ఆ జాబితాలో ‘ఇతరులు’గా మిగలడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇక ఖాతా పనితీరుకు వస్తే, దానిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇద్దరికీ విడివిడిగా ఏటీఎం కార్డులు వచ్చాయి, చెక్కుబుక్కు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, నెలనెలా ఇద్దరం చెరి ఎనిమిది వేలు వేస్తున్నాం. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతి ఎంచుకోవడం వల్ల ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు, ఒకరు లేకపోతే బ్యాంకు రెండోవారికి ఇస్తుంది. చాలామంది పొరబడే సంగతి ఒకటి ఇక్కడుంది. జాయింట్ ఖాతాలో నామినీ పాత్ర ఇద్దరూ పోయిన తరువాతే మొదలవుతుంది. అందుకని దానికి నా చెల్లెలి కూతురిని నామినీగా రాసి, మా విడి ఖాతాల్లో ఒకరికొకరం నామినీలుగా రాసుకున్నాం. 2025 నవంబరు 1 నుంచి ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకునే వీలు వచ్చింది కనుక, కుటుంబంతో తగవు రాకుండా వాటాలు పంచి రాసుకోవాలనుకునేవారికి అది పనికొస్తుంది.

అయితే నామినీ అంటే సొంతదారు కాదు. నామినీ ఆ డబ్బును వారసుల తరఫున అందుకునే వ్యక్తి మాత్రమే, వారసులెవరన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది, ఆ చట్టంలో నేను ఆమెకు ఏమీ కాను. అందుకే ఖాతాతో పాటు ఇద్దరం వీలునామాలు కూడా రాయించుకున్నాం. జీవిత బీమాలోనూ ఇదే లోటు ఉంది. 2015 సవరణ తరువాత పాలసీ సొమ్ముకు నామినీయే హక్కుదారు అయ్యే వెసులుబాటు తల్లిదండ్రులకు, భార్యాభర్తలకు, పిల్లలకు మాత్రమే ఉంది. ఇదే శాఖలో ఇద్దరం కలిసి ఇంటి రుణం అడిగితే, సహ దరఖాస్తుదారు దగ్గరి బంధువై ఉండాలన్నారు. ఇవేవీ ఆ అధికారిణి చేతిలో ఉన్నవి కావు. పెళ్లయిన జంటకు ఒక్క ధ్రువపత్రంతో వచ్చే రక్షణను మేము ఖాతా, నామినేషన్, వీలునామా, అద్దె ఒప్పందం అంటూ ముక్కలు ముక్కలుగా కూడబెట్టుకుంటున్నాం. తీర్పును పునఃసమీక్షించాలన్న పిటిషన్లను 2025 జనవరి 9న సుప్రీంకోర్టు కొట్టివేసిన తరువాత, మిగిలిన ముక్కలు పార్లమెంటు నుంచే రావాలి. వస్తాయనే నా ఆశ. మాకది మాటవరుసకు చెప్పుకునే ఆశ కాదు, రోజూ ఇంట్లో మాట్లాడుకునే విషయం.

సేవకు అయిదింటికి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది జూన్ నాటి తిరస్కారానికి. నల్లగొండలోనో, మిర్యాలగూడలోనో, పాలమూరులోనో మాలాంటి జంట ఎవరైనా ఈ పని మీద వెళ్లదలిస్తే, ఆర్థిక శాఖ స్పష్టత ప్రింటు తప్పక వెంట తీసుకెళ్లండి. నెల మొదటి వారంలో, పింఛన్ల రద్దీ ఉన్నప్పుడు వెళ్లకండి, మీ మాట నిదానంగా వినే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు. ఎవరైనా ఆంక్ష ఉందంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. నామినేషన్ నమోదైనట్టు రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత. మాకది అడిగితే గానీ ఇవ్వలేదు, కాబట్టి అది చేతికి వచ్చాకే కుర్చీలోంచి లేవండి.