పురీషనాళ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు మా నాన్నగారికి అందిన చికిత్స

మా నాన్నగారికి హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశారు. దానికి ముందు ఐదున్నర వారాల్లో, శని, ఆదివారాలు మినహా రోజుకొకటి చొప్పున 28 సిట్టింగుల్లో 50.4 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇచ్చారు; మా ఊరి మాటలో చెప్పాలంటే కరెంటు పెట్టారు. దానితోపాటు ఉదయం, సాయంత్రం భోజనం కాగానే కెపసిటబిన్ అనే కీమో మాత్రలు వేసుకునేవారు.

సిట్టింగులు పూర్తయిన వెంటనే ఆపరేషన్ చేసేయమని తొందరపడింది మేమే. రేడియేషన్ తగిలిన కణాల్లో చాలా భాగం అప్పటికప్పుడు చావవని, విభజన చెందబోయినప్పుడు చనిపోతాయని, అందువల్ల కణితి ఇంకా కొన్ని వారాలపాటు కుదించుకుంటూనే ఉంటుందని సర్జన్ గారు కూర్చోబెట్టి చెప్పారు. 8 వారాలు ఆగిన తర్వాత మళ్లీ ఎమ్మారై తీయించి, పాత, కొత్త చిత్రాలను పక్కపక్కనే పెట్టి చూపించారు. మొదటి చిత్రంలో బూడిదరంగులో పేగు గోడ దాటి ఉబికిన గడ్డ ఉన్నచోట, రెండో దానిలో సన్నని నల్లటి చార కనబడింది. ఆ నలుపు గాయం మానినట్టు మచ్చకట్టిన కణజాలమని, అయితే అందులో క్యాన్సర్ కణాలు దాగి ఉన్నాయో లేదో స్కాన్ ఒక్కటే తేల్చలేదని కూడా దాచకుండా చెప్పారు. ఈ ఆసుపత్రిని నేను మెచ్చుకునేది ముఖ్యంగా ఆ పావుగంటకే.

కణితి పూర్తిగా మాయమైన కొందరికి ఆపరేషన్ లేకుండా గట్టి పర్యవేక్షణలో ఉంచే పద్ధతి ఉందని, బ్రెజిల్ సర్జన్ ఆంజెలిటా హబ్ర్-గామా బృందం 2004లో అలాంటి ఫలితాలు ప్రచురించిందని ఆయనే ప్రస్తావించారు. పరీక్షలో వేలికి ఇంకా గట్టిదనం తగులుతున్నందున నాన్నగారికి అది తగదన్నారు. ఆ మాట నిజమైంది: తీసిన భాగంలో పైపొర చాలావరకు మానినా, కింది కండర పొరలో అక్కడక్కడా క్యాన్సర్ కణాల గుంపులు మిగిలే ఉన్నాయి.

లోపం పాథాలజీ రిపోర్టు దగ్గర జరిగింది. వివరించేవారు లేకుండా దాన్ని కౌంటర్‌లో చేతికిచ్చి పంపేశారు. "వైపీటీ2" అని చూసి, జబ్బు మరో దశకు ముదిరిందేమోనని నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ నిద్రపోలేదు. ముందున్న "వై" అక్షరం చికిత్స తర్వాత లెక్కగట్టిన దశ అనడానికి గుర్తు మాత్రమేనని, మొదట టీ3గా, అంటే పేగు కండర పొర దాటి ఉన్న కణితి టీ2కు, అంటే ఆ పొర వరకే తగ్గిందని, కణితి ఉన్నచోట మిగిలిన, కణాలు లేని జిగురు మడుగులను మిగిలిన క్యాన్సర్‌గా లెక్కించరని తర్వాతి అపాయింట్‌మెంట్‌లోగానీ తెలియలేదు. ఈ నాలుగు మాటలు రిపోర్టు ఇచ్చేటప్పుడే చెప్పే మనిషిని ఆ కౌంటర్‌లో కూర్చోబెట్టాలి.