చర్చికి యువతను రప్పించే శిక్షణ: పద్దెనిమిది వేలకు మాకేం దక్కింది

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. మా సంఘానికి కోశాధికారిని నేనే. ఒక శిక్షణ బృందం ఇచ్చే మూడు నెలల ప్యాకేజీకి రూ.18,000. బెంగళూరు నుంచి వచ్చే ముగ్గురికి రైలు టికెట్లు, బస మన ఖర్చే. లాడ్జి ఎందుకని వాళ్లను మా పెద్దల ఇళ్లలో దింపాం కాబట్టి అక్కడ కొంత మిగిలింది. పద్దెనిమిది దాటి ముప్పై అయిదు లోపు వయసువాళ్లు చర్చికి ఎందుకు రావడం లేదో, వచ్చినవాళ్లు రెండో వారం ఎందుకు కనబడరో చూసి సంఘానికి చెప్పడం ఈ బృందం పని. పేరు రాయను. చిన్న బృందం, నాకు నచ్చనివన్నీ వాళ్లకే నేరుగా చెప్పాను. మీ కమిటీలో ఎవరైనా ఇలాంటి ప్రతిపాదన తెస్తే చెక్కు మీద సంతకం పెట్టేముందు చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలో జగదాంబ నుంచి పాత ఊరి వైపు వెళ్లే దారిలో ఉన్న మిషన్ కాలపు చర్చి. పోర్టులో, డాక్‌యార్డులో, కేజీహెచ్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కుటుంబాలే ఎక్కువ. వాళ్ల పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. ఆరాధన యూట్యూబ్‌లో చూస్తారు, కానుక ఫోన్‌పే చేస్తారు. (ఆ రెండో విషయంలో నాకు ఫిర్యాదు లేదు.) అలాగని ఊళ్లో కుర్రకారు లేకపోలేదు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్లు, ఆ సందుల్లో హాస్టళ్లు, మధురవాడలో ఐటీ వాళ్లు, పరవాడలో ఫార్మా షిఫ్టులు, ఆసుపత్రుల నిండా నర్సులు. శ్రీకాకుళం, పార్వతీపురం, అరకు వైపు నుంచి వచ్చిన ఈ పిల్లల్లో మనవాళ్లు బోలెడుమంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ చర్చిలో డోలక్ వాయించినవాడు ఇక్కడికొచ్చాక ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటాడు. మా సంఘానికీ యూత్ ప్రెసిడెంటు ఉన్నారు. వయసు నలభై నాలుగు, పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది.

ప్యాకేజీలో మొదటిది రహస్య సందర్శన. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఏదో ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా కొత్తవాళ్లలా వచ్చి కూర్చుంటారు, వెళ్లి నివేదిక రాస్తారు. ఏ ఆదివారమో పాస్టరు గారికి కూడా చెప్పరు. ఆ ఇద్దరూ బెంగళూరు వాళ్లు కారు, ఈ ఊరి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలే. బృందం వాళ్లను ఇక్కడే మాట్లాడి పెట్టుకుంది. నివేదిక ఆరు పేజీలు. నా లెక్కలో పద్దెనిమిది వేలలో సింహభాగం ఆ ఆరు పేజీలకే చెల్లు.

గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవుల తాలూకా అమ్మా?" అన్నాడట. మన వైపు అది మామూలు పలకరింపు, అతనిలో చెడు లేదు. కానీ ఈ ఊళ్లో ఎవరి తాలూకా కాని పిల్ల ఏం చెబుతుంది? లోపలికొచ్చి మూడో వరసలో కూర్చుంటే ఒక పెద్దావిడ నవ్వుతూనే "అది మా చోటమ్మా" అన్నారట. ఆవిడ ఎవరో కమిటీలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. కీర్తనల పుస్తకం చేతికివ్వలేదు. తెర మీద పాట వేశారు గానీ, ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లకు పల్లవి చదవడం అయ్యేసరికి పాడేవాళ్లు రెండో చరణంలో ఉన్నారు. ప్రకటనలు ఇరవై రెండు నిమిషాలు. వాటిలో యువత మాట వచ్చింది ఒక్కసారే, సాయంత్రం కూడికకు కుర్చీలు వెయ్యమని. బాత్రూమ్ ఎటో బోర్డు లేదు. ఆరాధన అయ్యాక ఆవరణలో ఆ అమ్మాయిని ముగ్గురు పలకరించారు. ముగ్గురూ అడిగినవి అవే: ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, పెళ్లయిందా. అబ్బాయిని ఎవరూ పలకరించలేదు.

అయిదో పేజీలో ఒక వాక్యం ఉంది. "మా హాస్టల్లో చికెన్ ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే పెడతారు, ఒంటిగంటకి అయిపోతుంది. మీ ఆరాధన పన్నెండు నలభైకి ముగిసింది." కమిటీలో కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం "దేవుని వాక్యం కంటే కోడి ఎక్కువైందా?" అని గట్టిగానే అన్నారు. ఆదివారం ఆయన ఇంట్లో ఎన్నింటికి ఏం వడ్డిస్తారో నాకు తెలుసు, ఊరుకున్నాను.

రెండోది ఒక శనివారమంతా జరిగిన శిక్షణ. పొద్దున పెద్దలకు, మధ్యాహ్నం యువతకు, సాయంత్రం అందరికీ కలిపి. పొద్దుటి భాగంలో మా సీనియర్ పెద్ద ఒకరు లేచి, ఎప్పటిలాగే 1805 నుంచి మొదలుపెట్టారు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ విశాఖపట్నంలోనే దిగి తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టడం, 1810 నాటికే ఇద్దరూ చనిపోవడం, వాళ్లు తర్జుమా చేసిన సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చుకావడం. మాకు నోటికొచ్చిన పాఠమే. శిక్షకురాలు, పాతికేళ్ల పిల్ల, అడ్డు చెప్పకుండా మొత్తం విని, "వాళ్లకు తెలుగులో సాయం చేసిందెవరండీ?" అంది. ఆనందరాయరు అని ఆయనే చెప్పారు. "మరి మన చర్చికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆనందరాయరు ఎవరు?" అంది. ఆయనకు కోపం రాలేదు, ముచ్చటపడ్డారు. సాయంత్రం దాకా ఆ ప్రశ్నే పదిమందికి చెప్పారు. అలాంటి మనిషి ఉంటే ఈ బృందానికి డబ్బు ఇవ్వవచ్చు. మిగతా ఇద్దరు శిక్షకుల గురించి ఆ మాట అనలేను. ఒకాయన స్లైడ్లలో అన్నీ విదేశీ చర్చిలే: నల్ల గోడలు, రంగు లైట్లు, ప్రవేశం దగ్గర కాఫీ బార్. మంచి కాఫీ కావాలనుకున్న కుర్రాడు సిరిపురం వెళ్తాడు, లేదా మురీ మిక్చర్ కొనుక్కుని బీచ్ రోడ్డులో కూర్చుంటాడు. వాటితో చర్చికి పోటీ ఏమిటి?

మధ్యాహ్నం యువత కూర్చున్న గదిలోకి పెద్దలను రానివ్వలేదు. పేర్లు లేకుండా చీటీలు రాయించి, సాయంత్రం అందరి ముందూ చదివారు. "పాడ్డానికి, సౌండ్ సిస్టం మొయ్యడానికి మేం పెద్దవాళ్లం, కమిటీ అనేసరికి చిన్నపిల్లలం." ఇంకొకటి: "నాకు ఇరవై తొమ్మిది, పెళ్లి కాలేదు. యూత్ మీటింగులో అందరూ డిగ్రీ పిల్లలు. స్త్రీల సమాజంలో కోడళ్ల కబుర్లు. నేనెక్కడ కూర్చోను?" ఒక నర్సు రాసింది, నైట్ డ్యూటీ దిగి సరాసరి ఆరాధనకు వస్తే ప్రసంగం మధ్యలో కునుకు పట్టిందని, పెద్దొకరు అందరూ చూస్తుండగా తట్టి లేపారని. ఆ చీటీ చదువుతున్నప్పుడు పాస్టరమ్మ గారు తల దించుకున్నారు.

ఇక కిట్. రెండు వందల కార్డులు, ఒక బ్యానరు, వాట్సాప్‌లో పంపడానికి తయారు మెసేజీలు, నెలరోజుల రీల్స్ ప్రణాళిక. దీని మీద నాకున్నది అసంతృప్తి కాదు, కోపం. కార్డు నున్నటి కాగితం మీద ఇంగ్లీషులో ఉంది. పేరు, ఫోను, పుట్టినరోజు, ఇన్‌స్టా ఐడీ, బాప్తిస్మం తీసుకున్నారా లేదా. కొత్తగా వచ్చినవాళ్లను వేదిక మీదికి పిలిచి చాక్లెట్ ఇచ్చి, వీడియో తీసి ఆ సాయంత్రమే పెట్టాలట. మేం రెండు వారాలు అలాగే చేశాం.

మన నేల సంగతి ఆ బృందానికి తెలియలేదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా, పంజాబ్ వైపు కొన్ని సిక్కు కులాలు తప్ప, హిందువులకే ఉండేది. 1956లో మిగతా సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు అది ఉండదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్టీలకు మతంతో ముడిపెట్టే ఆ షరతు లేదు, అందుకే అరకు పిల్లలకు ఈ బెంగ తక్కువ. మిగతావాళ్లలో కొందరికి చేతిలో ఒక ఎస్సీ సర్టిఫికెట్, మనసులో ఒక విశ్వాసం. గ్రూప్స్‌కో ఎస్సై పోస్టుకో చదువుతున్న పిల్ల ముందు కెమెరా పెట్టి, బాప్తిస్మం అయిందా అని కాగితం మీద రాయమంటే ఆమె ఏం చెయ్యాలి? ఆ చట్టం న్యాయమా కాదా అన్నది ఏళ్లుగా నడుస్తున్న వాదం, దాన్ని నేనిక్కడ తేల్చబోవడం లేదు. నాకు తెలిసిందల్లా, రెండు ఆదివారాలు వచ్చిన ఒక అమ్మాయి ఆ రాత్రి నాకు పెట్టిన మెసేజి: "ఆంటీ, లైవ్‌లో నేను పడ్డానా?" మూడో వారం రాలేదు.

ఆ వీడియోలు తీసేయించాం. ఇప్పుడు కెమెరా ప్రసంగ వేదిక వైపు మాత్రమే చూస్తుంది, జనం వైపు తిరగదు. బృందానికి ఇది ఫోన్లో వివరించినప్పుడు, ఒప్పుకోవాలి, వాళ్లు వాదించలేదు. కొత్త కార్డు పంపారు, తెలుగులో, పేరు, ఫోను మాత్రమే, అదీ ఇష్టమైతేనే. అచ్చు ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు.

అన్నిటికంటే పనికొచ్చిన సలహా పైసా ఖర్చు లేనిది. 1977లో లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో మొదలైన ఆల్ఫా కోర్సు వరస ఏమిటో ఆ శిక్షకురాలు చెప్పింది: ముందు కలిసి భోజనం, తర్వాత చిన్న ప్రసంగం, ఆ తర్వాత చిన్న గుంపుల్లో మాటలు, ఎవరు ఏ ప్రశ్నయినా అడగొచ్చు. మనం దాన్ని తిరగేసి చేస్తాం. మూడు గంటలు కూర్చోబెట్టి, చివర్లో ఒక బిస్కెట్ పొట్లం. కోర్సు అలాగే పెట్టమని ఆమె అనలేదు, ముందు తిండి సంగతి చూడమంది.

దాంతో ఆదివారం భోజనం మొదలైంది. హాస్టల్ పిల్లలను ఇద్దరిద్దరుగా ఒక్కో ఇంటికి తీసుకెళ్లడం. ఒంటరిగా ఎవరినీ కాదు, అమ్మాయిలనైతే ఇంట్లో ఆడవాళ్లున్న చోటికే. ప్రకటనలు కాగితం మీద వేసి పంచేస్తున్నాం కాబట్టి ఆరాధన పన్నెండుంపావు ప్రాంతానికే అవుతోంది. ప్రసంగం మాత్రం తగ్గలేదు, తగ్గించమని ఎవరూ అడగలేదు కూడా. పాట తెర మీద తెలుగు కింద ఇంగ్లీషు అక్షరాల్లోనూ వస్తోంది. యూత్ ప్రెసిడెంటు గారు తనంతట తానే తప్పుకుని భోజనాల బాధ్యత తీసుకున్నారు. ఆయన చేసే కోడి పులావు తిన్నాక, ఇన్నేళ్లూ ఆ మనిషి చేత మీటింగులు పెట్టించామే అనిపించింది.

అంతా సవ్యంగా నడుస్తోందని అనను. ఒక ఇంట్లో అన్నం వడ్డిస్తూ గవర్నమెంటు ఉద్యోగం ఎందుకు రావడం లేదో గంట ఉపన్యాసం ఇచ్చారు. ఇంకో ఇంట్లో ఆవిడ రెండో ఆదివారానికే "మా అన్నయ్య కొడుకు ఒకడున్నాడమ్మా" అన్నారు. ఆ పిల్ల నవ్వేసింది, మళ్లీ వచ్చింది కూడా, కానీ ఆ ఇంటికి వెళ్లనంది. ఒక ఆదివారం పదిమంది దాకా వస్తారు, ఒక ఆదివారం నలుగురు. పరీక్షల కాలంలో ఎవరూ ఉండరు. ముప్పై లోపు వాళ్లు ఇద్దరిని కమిటీలోకి తీసుకోవాలన్న తీర్మానం ఇంకా సర్వసభ్య సమావేశానికి వెళ్లలేదు. నైట్ డ్యూటీ నర్సుల కోసం సాయంత్రం ఆరాధన అడిగితే, వాయించేవాళ్లెవరు అన్న దగ్గర ఆగింది.

మూడు నెలల ఫోన్ తోడ్పాటు అన్నది పేరుకే. ప్రతిసారీ ఒక కొత్త గొంతు, మొదటి నుంచి చెప్పుకోవాలి. కొత్తవాళ్లు ఎంతమంది, సంఖ్య ఎంత అని అడిగి రాసుకోవడమే ఎక్కువ. పొద్దున్నే పంపమని ఇచ్చిన పూల బొమ్మల మెసేజీలను పిల్లలు మ్యూట్‌లో పెట్టారు. చివరి ఫోను ఏడాది రెన్యువల్ గురించి. వద్దన్నాం.

అయిదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ సందర్శనకూ, ఆ శిక్షకురాలికీ. అడిగితే సందర్శన ఒక్కటే విడిగా చేస్తారట, మాకు ఏడు వేలు చెప్పారు, కాస్త బేరం ఆడొచ్చు. సందర్శకులు మీ ఊరి పిల్లలే కావాలని ముందే రాయించుకోండి. డిసెంబరు, శ్రమల కాలం (ఈస్టరు ముందు ఉపవాస దినాలు) వద్దు, అప్పుడు ఏ చర్చి అయినా కళకళలాడుతుంది. మామూలు వానాకాలపు ఆదివారం చూడమనండి. నివేదిక వస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మాది ఎవరో పెట్టేశారు, మూడో వరస ఆవిడ రెండు వారాలు చర్చికి రాలేదు, పాస్టరు గారు ఇంటికెళ్లి బతిమాలుకోవలసి వచ్చింది. బిల్లు మాత్రం సంఘం పేరు మీదే అడగండి. మాకు పాస్టరు గారి పేరు మీద ఇచ్చారు, దాన్ని మార్పించేదాకా ఆడిటరు నన్ను వదల్లేదు.