ప్రోక్వాల్ 5: ఉచితమే కానీ లెక్క జాగ్రత్త

ఇతరుల గాయాలను రోజూ వినే థెరపిస్టులు, నర్సులు, సోషల్ వర్కర్లు తమ మీద ఎంత భారం పడిందో చూసుకునే ప్రశ్నావళి ప్రోక్వాల్ (ProQOL). 2009 నాటి అయిదో వెర్షన్‌ ఉచితంగా దొరుకుతుంది. ముప్పై ప్రశ్నలు, గత 30 రోజులను తలచుకుని ఒక్కోదానికి 1 నుంచి 5 వేయాలి. పది నిమిషాల పని.

తప్పంతా లెక్క దగ్గరే. 1, 4, 15, 17, 29 ప్రశ్నల మార్కులు తిరగెయ్యాలి: 5 వేస్తే 1, 4 వేస్తే 2. మరిచిపోతే హాయిగా ఉన్నవాళ్లకు కూడా బర్నౌట్ (పనితో అలసి, విసిగిపోవడం) స్కోరు 20 మార్కుల దాకా పెరిగిపోతుంది. పనిలో దొరికే తృప్తి, బర్నౌట్, సెకండరీ ట్రామా (ఇతరుల గాయాలు విని మనకూ తగిలే దెబ్బ) మూడూ వేర్వేరు స్కోర్లు. కలిపి కూడితే అర్థం లేదు.

ఒక్కో స్కోరు 22 దాకా ఉంటే తక్కువ, 42 నుంచి ఎక్కువ. మధ్య గడి మరీ వెడల్పు: 24, 40 రెండూ 'మధ్యస్థమే'నట! అందుకే గడి పేరు వదిలేసి, మీ పాత అంకెతో పోల్చుకోండి. పీడకలలు, ఉలికిపాటు వదలకపోతే స్కోరు తక్కువున్నా సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. ఇది రోగనిర్ధారణ పరీక్ష కాదు.

యాజమాన్యం పేర్లతో సహా నింపించుకుంటే మాత్రం దండగ. ఎవరూ నిజం రాయరు.