డాక్టరు వచ్చేది గురువారం, మిగతా ఆరు రోజుల సంగతి?

నాన్నకు 81 ఏళ్లు. చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. షుగరుకు రెండు పూటలా ఇన్సులిన్, బీపీకి మాత్ర. అమ్మ పోయాక ఏడాదిన్నర మా ఇంట్లోనే ఉన్నారు. నేనూ మా ఆయనా ఉద్యోగాలకు వెళితే పగలంతా ఒంటరే. ఒకసారి బాత్‌రూములో జారిపడ్డాక ఇక లాభం లేదనుకున్నాం. "కొండ కనిపించే చోటయితే వస్తాను" అన్నారు. అలా తిరుపతికి చంద్రగిరి వైపున్న ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్చి పద్నాలుగు నెలలయింది. పేరు రాయడం లేదు. వాళ్లు చేసిన ఒక తప్పు గురించి చెప్పబోతున్నాను, దాన్ని వాళ్లు దిద్దుకున్నారు కూడా.

గది శుభ్రంగా ఉంటుంది. సంగటి మెత్తగా, పళ్లు లేనివాళ్లు కూడా తినగలిగేలా చేస్తారు. పప్పులో ఉప్పు తక్కువ. నాన్న దృష్టిలో అంతకు మించిన నేరం లేదు. నేను మాత్రం వైద్యం గురించే రాస్తాను.

చేర్చేటప్పుడు మేనేజరు డాక్టరు గురించే గొప్పగా చెప్పారు. ప్రతి గురువారం వస్తారు, మంచివారే. ఒక్కొక్కరి దగ్గరా అయిదు నిమిషాలు కూర్చుని, కాళ్ల వాపు నొక్కి చూసి, నిద్ర పడుతోందా అని అడుగుతారు. అయితే జబ్బులు గురువారం చూసుకుని రావు కదా.

రెండో నెలలో ఒక ఆదివారం చిత్తూరు నుంచి బస్సు దిగి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. నర్సు బల్ల మీద మందుల రిజిస్టరు తెరిచి ఉంది. నాన్న పేరుకు ఎదురుగా రాత్రి ఎనిమిది గంటల గడిలో అప్పటికే టిక్కు పడి ఉంది. పైనా కిందా ఉన్న పేర్లన్నిటికీ అంతే, ఒకే నీలం పెన్ను, ఒకే వాలు. సోమవారం ఉదయం గడులూ నిండిపోయాయి.

"ఇదేమిటమ్మా?" అని అడిగితే ఆ అమ్మాయి తల దించుకుంది.

"రాత్రి డ్యూటీలో నేనొక్కదాన్నే మేడం. ఇరవై ఆరు మంది. ముందే పెట్టుకుంటే కాస్త పని తగ్గుతుందని..."

నేను లెక్కల అయ్యవారి కూతుర్ని. చేయని లెక్కకు జవాబు రాస్తే ఊరుకునే ఇంట్లో పెరగలేదు. అలాగని ఆ అమ్మాయి మీద అరవాలనీ అనిపించలేదు. వంటింట్లో ఫ్రిజ్ తెరిచి చూస్తే ఇడ్లీ పిండి గిన్నె పైన, ఫ్రీజరుకు అతుక్కుని ఇన్సులిన్ సీసాలు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకట్టిందంటే, కరిగాక పైకి ఏ తేడా కనిపించకపోయినా పారేయవలసిందే. ఈ రెండూ పట్టుకుని మేనేజరుతో గంటసేపు గొడవపడ్డాను.

పది రోజుల్లో రాత్రికి రెండో మనిషిని పెట్టారు. ఇన్సులిన్‌కు వేరే చిన్న ఫ్రిజ్ వచ్చింది. రిజిస్టరులో టిక్కులు పోయాయి, ఇప్పుడు మందు ఇచ్చిన సమయం రాసి సంతకం పెడుతున్నారు. ఇన్సులిన్ అయితే ముందు షుగరు ఎంత ఉందో రాశాకే ఎన్ని యూనిట్లన్నది రాయాలి.

దాని విలువ ముక్కోటి ఏకాదశి నాడు తెలిసింది. నాన్న ఎవరికీ చెప్పకుండా ఉపవాసం మొదలుపెట్టారు. అదే నర్సు సూది తీసుకుని వచ్చి, టిఫిన్ ప్లేటు కదలకుండా ఉండడం చూసి ఆగింది. వేలు గుచ్చి చూస్తే 84. ఆ మీద మామూలు డోసు వేసి, కడుపు ఖాళీగా ఉంచితే షుగరు 70 కిందికి, అంటే ప్రమాదంలోకి, పడిపోవడానికి ఎంతసేపు? డాక్టరుకు ఫోను చేసి, డోసు తగ్గించి, పాలూ అరటిపండూ ఫలహారమే అయ్యవారూ అని ఒప్పించి తినిపించింది. మా ఇంట్లో అయితే నేను సూది వేసేసి ఆఫీసుకు పరుగెత్తేదాన్ని.

ఇక ఆయా సంగతి. పదో నెలలో ఒక ఉదయం ఫోను చేసింది. "అక్కా, అయ్యవారు ఈ రోజు గోడకు దండం పెట్టారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. నాన్న రోజూ లేవగానే వరండాలోకి వచ్చి కొండ వైపు తిరిగి గోవిందా అంటారు. ఆ రోజు గదిలోనే, బీరువా పక్క గోడ వైపు తిరిగి నిలబడ్డారట. జ్వరం లేదు, బీపీ మామూలే. వయసు మీద పడింది కదా అని వదిలేయకుండా ఆయా పట్టుబట్టింది. మధ్యాహ్నానికి తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరం, మంట లేకుండానే మొదట ఇలా తికమకగా బయటపడుతుందని అక్కడి డాక్టరు చెప్పారు. వారం తిరిగేసరికి నాన్న మళ్లీ ఉప్పు గురించి తగువు పెట్టుకున్నారు. ఇంత కనిపెట్టే ఆ మనిషి జీతం ఎంతో నేను అడగలేదు, అడిగితే బాధపడతానని.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక పసుపు ఫైలు సిద్ధంగా ఉంటుంది. మందుల జాబితా, పడని మందులు, పాత పరీక్షలు, మా నంబర్లు అందులోనే. గరుడసేవ నాడు తిరుపతి రోడ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. డయాలసిస్ చేయించుకునే ఒక పెద్దావిడకు ఆ ముందురోజుకే తేదీ మార్పించారు. 70 ఏళ్లు నిండినవారికి ఉచిత చికిత్స కోసం 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు నమోదు కూడా ఆఫీసువాళ్లే చేయించారు. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా మందుల ఖర్చు మనదే.

నెలకు 19,000. డైపర్లు, పరీక్షలు విడిగా. ఫిజియోథెరపీకి మరో 1,500, వారానికి మూడు రోజులు. రిజిస్టరులో నెలకు పన్నెండు సంతకాలూ ఉన్నాయి. కాని నాన్న గదిలో తితిదే క్యాలెండరు ఉంది. ఫిజియో వచ్చిన తేదీకి ఆయన పెన్సిలుతో సున్నా చుడతారు. పోయిన నెల సున్నాలు అయిదే. పన్నెండుకు 1,500 అయితే అయిదుకు ఎంత అని అడిగాను. "625" అన్నారు, కళ్లజోడు తీయకుండానే. అంతే కట్టి వచ్చాను.