వాటర్‌ఫాలా, స్పైరలా, స్క్రమా? మధ్యలో ఈ లెవెల్ 5 సంగతేంటి?

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: వాటర్‌ఫాల్ మేలా అజైల్ (చిన్న చిన్న విడతల్లో కట్టి చూపించే పద్ధతి) మేలా, సీఎంఎంఐ (కంపెనీ పని పద్ధతులు ఎంత గట్టిగా ఉన్నాయో 1 నుంచి 5 లెవెల్స్‌లో కొలిచేది) లెవెల్ ఉంటే ఇక అజైల్ అక్కర్లేదా అని. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పని ఏ వరసలో చేస్తాం అనేది మోడల్. ఒకసారి బాగా చేసిన పని మళ్ళీ కూడా అంతే బాగా చేయగలమా, ఇద్దరు మంచి డెవలపర్లు వెళ్ళిపోయినా పని నిలబడుతుందా అనేది మెచ్యూరిటీ.

వాటర్‌ఫాల్ అంటే తెలిసిందే, రిక్వైర్‌మెంట్స్, అంటే ఏమేం కావాలో, మొత్తం రాయడం, డిజైన్, కోడింగ్, చివర్లో టెస్టింగ్. దీనికి మూలం విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి పేపర్ అంటారు, కానీ అది తీసి చదివితే ఆయన ఆ బొమ్మ గీసి వెంటనే ఇలా చేస్తే రిస్క్, ఫెయిల్యూర్‌ని పిలిచి తెచ్చుకున్నట్టే అని రాశాడు, కొత్త రకం సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఒకసారి చిన్నగా కట్టి చూసుకుని రెండోసారి కట్టింది కస్టమర్‌కి ఇవ్వమన్నాడు. వాటర్‌ఫాల్ అనే మాట కూడా ఆయన వాడలేదు. జనం మాత్రం మొదటి బొమ్మనే పట్టుకున్నారు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్ట్‌లో రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ మీద అందరూ సంతకాలు పెట్టారు, తొమ్మిది నెలలు కష్టపడి కట్టాం, రోజూ వాడాల్సినవాళ్ళకి మొదటిసారి చూపించిన రోజున వాళ్ళు అన్నమాట ఒక్కటే, "మేం పని ఇలా చెయ్యం కదండీ". డాక్యుమెంట్‌లో రాసింది రాసినట్టే కట్టాం, రాసిందే తప్పు, ఆ సంగతి తెలియడానికి తొమ్మిది నెలలు పట్టింది. అది ఇప్పటికీ నాకు బాధే.

అలాగని వాటర్‌ఫాల్‌ని తీసిపారేయను. పాత సిస్టమ్ ఎలా నడుస్తుందో కొత్తదీ అచ్చంగా అలాగే నడవాలి అన్నప్పుడు, లేదా హార్డ్‌వేర్ ఒకసారి తయారయ్యాక ఇక ముట్టుకోలేం అన్నప్పుడు ముందే అంతా ఆలోచించి రాసుకోవడమే మేలు.

స్పైరల్ బారీ బోమ్ 1986లో చెప్పింది. ప్రతి చుట్టులో ముందు అన్నిటికన్నా పెద్ద రిస్క్ ఏదో చూసి, దాన్ని ప్రోటోటైప్‌తోనో (చిన్న నమూనా) ఇంకోలాగో తేల్చుకుని అప్పుడు ముందుకెళ్ళడం. పెద్ద ప్రాజెక్టులకి చాలా బాగుంటుంది, కాకపోతే రిస్క్‌ని రిస్క్ అని పైవాళ్ళ ముందు ధైర్యంగా చెప్పే మనిషి టీమ్‌లో ఉండాలి.

అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌ని కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో బయటపెట్టారు, అజైల్ మ్యానిఫెస్టో 2001 ఫిబ్రవరిలో 17 మంది కలిసి రాశారు. స్క్రమ్‌లో పనిని స్ప్రింట్లనే చిన్న విడతలుగా చేస్తారు, స్ప్రింట్ నెల దాటకూడదు, ప్రతి స్ప్రింట్ చివర పనిచేసే సాఫ్ట్‌వేర్ చూపించాలి. రెండు వారాల స్ప్రింట్ అయితే తొమ్మిది నెలల తప్పు రెండు వారాల్లో బయటపడుతుంది, దీని బలం అంతా అక్కడే. కానీ చాలా టీముల్లో ఏం జరుగుతుందంటే మొదటి ఎనిమిది రోజులు కోడింగ్, ఆఖరి రెండు రోజులు హడావుడిగా టెస్టింగ్, మిగిలిన బగ్స్ వచ్చే స్ప్రింట్‌కి తోసేయడం, అది రెండు వారాల వాటర్‌ఫాల్ అంతే, పేరు స్క్రమ్.

ఇక సీఎంఎంఐ. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (ఎస్ఈఐ)లో వాట్స్ హంఫ్రీ ఆలోచనల మీద 1991లో సీఎంఎం వచ్చింది, తర్వాత అదే సీఎంఎంఐ అయింది. లెవెల్ 1లో పని ఎవరో ఒక గట్టి మనిషి మీద నడుస్తుంది. లెవెల్ 2కి వస్తే ప్రాజెక్ట్‌కి ప్లాన్ ఉంటుంది, ఏ రిక్వైర్‌మెంట్ ఎప్పుడు మారిందో, ఏ వెర్షన్ ఎక్కడుందో చెప్పగలం. 3లో కంపెనీ అంతటికీ ఒక పద్ధతి, 4లో లెక్కలతో నడపడం, 5లో ఆ లెక్కలు చూసి పద్ధతినే బాగుచేసుకుంటూ పోవడం.

అజైల్‌కీ దీనికీ పడదు అనేవాళ్ళకి నేను స్పేస్ షటిల్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్తా. 1977 నుంచి 1980 వరకు ఐబీఎం టీమ్ దాన్ని 31 నెలల్లో 17 విడతలుగా, అంటే సగటున ఎనిమిది వారాలకో విడత చొప్పున కట్టింది, ఎందుకంటే రిక్వైర్‌మెంట్స్ మధ్యలో మారుతూనే ఉన్నాయి. ఆ టీమ్‌కే 1989లో, అంటే సీఎంఎం ఇంకా బయటికి రాకముందే, హంఫ్రీ లెవెల్స్ ప్రకారం లెవెల్ 5 వచ్చింది. విడతలుగా కట్టడం, క్రమశిక్షణ రెండూ ఒకే చోట!

నన్నడిగితే పది పదిహేను మంది టీమ్‌కి రెండు వారాల స్ప్రింట్లు, వాటితోపాటు లెవెల్ 2 అలవాట్లు చాలు. నాలుగైదు టీములు ఒకే ప్రాడక్ట్ మీద పనిచేస్తుంటే లెవెల్ 3 పద్ధతులు కావాలి, లేకపోతే ఒకళ్ళ కోడ్ ఇంకొకళ్ళకి అర్థం కాదు. లెవెల్ 5 సర్టిఫికెట్ కోసం ఇప్పుడే పరిగెత్తకండి, ముందు మీ గత మూడు రిలీజుల్లో బగ్స్ ఎన్ని, అవి ఏ దశలో దొరికాయి అనే లెక్క మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఈ స్ప్రింట్ నుంచే రాయడం మొదలుపెట్టండి.