నంబర్ లేబుల్స్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

గోళ్ల సందుల్లో గమ్ ఇంకా వదల్లేదు, నా కోపమూ వదల్లేదు. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

సెల్లర్ పేరు రాయను. స్కూల్ లైబ్రరీకి యాక్సెషన్ లేబుల్స్, అంటే ఒక్కో పుస్తకానికి లైబ్రరీ ఇచ్చే నంబర్ ఉన్న స్టిక్కర్లు, కావాలని షాపింగ్ యాప్‌లో వెతికితే మొదట కనిపించేది అతనే. మీలో చాలామంది బీరువాల్లో అతని రోల్సే ఉండి ఉంటాయి. నేనూ ఆ స్టార్లు చూసే పడ్డాను.

ఆర్డర్ చాలా మామూలుది. 0001 నుంచి 4000 వరకు, ఒక్కో నంబర్ రెండేసి కాపీలు. ఒకటి పుస్తకం స్పైన్ మీదికి, అంటే అరలో బయటికి కనిపించే వెన్ను మీదికి, ఇంకోటి లోపల టైటిల్ పేజీకి. మొత్తం 8,000 లేబుల్స్, క్రోమో పేపర్, వరుసకు రెండు వచ్చే రోల్. రూ.5,200 ముందే కట్టాను. వాట్సాప్‌లో 0001 నుంచి 0020 దాకా ఫొటో పంపాడు, ఓకే అన్నాను. ఆ ఓకే దగ్గరే నా పని అయిపోయింది.

వరుసగా మూడు ఆదివారాలు ఎనిమిదో తరగతి పిల్లలతో కూర్చుని అంటించాం. ఎడమ లేబుల్ స్పైన్‌కి, కుడి లేబుల్ లోపలికి. ఫోన్లో క్రికెట్ కామెంటరీ, మధ్యలో మిరపకాయ బజ్జీలు. 2050 దాకా వచ్చాం. నంబర్లు ఎవరు చూశారు, చేతులు వాటంతట అవే కదులుతున్నాయి.

మొన్న ఏడో తరగతి అమ్మాయి ఒక పుస్తకం తిరిగిచ్చింది. టైటిల్ పేజీ తీస్తే 1871. రిజిస్టర్‌లో 1871 ఎదురుగా ఇంకేదో పుస్తకం పేరుంది. ‘ఎవరి పుస్తకం తెచ్చావమ్మా, నీది ఎక్కడ పోగొట్టావ్’ అని నలుగురిలో గద్దించాను. పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత పుస్తకం తిప్పి స్పైన్ చూశాను. 1870.

పక్క పుస్తకం తీశాను. స్పైన్ మీద 1871, లోపల 1872. దాని పక్కది, దాని పక్కది, అన్నీ అంతే. వెనక్కి వెతుక్కుంటూ పోతే 1216 దగ్గర తేలింది. ఆ నంబర్ ఒక్కటే కాపీ ఉంది. రిబ్బన్ అయిపోయి మిషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక కాపీ ఎగిరిపోయి ఉంటుందని ప్రెస్‌లో పనిచేసే మా బావమరిది అన్నాడు. 1216 పక్కన 1217 వచ్చి కూర్చుంది, అక్కడి నుంచి కుడి వరుస మొత్తం ఒక నంబర్ ముందుకు జరిగింది. 1216 నుంచి 2050 దాకా 835 పుస్తకాలు. ఒక్క పుస్తకానికీ లోపలి నంబర్, బయటి నంబర్ కలవవు.

ఫోన్ చేశాను. ఇక్కడే నా ఒళ్లు మండింది.

‘సీరియల్ తప్పిందా సార్?’ అన్నాడు.

‘సీరియల్ కాదయ్యా, జత తప్పింది’ అన్నాను.

‘ఒకదాని తర్వాత ఒకటి వస్తోందిగా సార్? మీరడిగింది వరుస నంబర్లే కదా.’

1216 ఒకటే ఉందని మళ్లీ చెప్పాను. ‘8,000లో ఒకటి తగ్గిందా? అడ్రస్ పెట్టండి, కొరియర్ చేస్తాను’ అన్నాడు. ఒక్క లేబుల్. కొరియర్‌లో. స్పీకర్ ఆన్ చేసి ఉన్నట్టుంది, వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గొంతు పెంచితే, ‘లోపల నంబర్ ఒకటి అటూ ఇటూ అయితే పిల్లలు చదవడం మానేస్తారా సార్? పెన్నుతో దిద్దుకోండి, ప్రూఫ్ మీరే ఓకే చేశారు’ అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. యాప్‌లో కంప్లయింట్ పెడితే, కస్టమర్ కోసం ప్రింట్ చేసిన సరుకుకి రిటర్న్ లేదని ఒక ముక్క జవాబు. ఆ దిద్దే పెన్ను కూడా పంపించమని అడగాల్సింది, అప్పుడు తోచలేదు.

యాక్సెషన్ నంబర్ అంటే ఏమిటో అతనికి తెలియకపోవచ్చు. ఒక నంబర్ ఒక్క పుస్తకానికే, ఆ పుస్తకం చిరిగినా పోయినా ఆ నంబర్ ఇంకోదానికి ఇవ్వం. మరి నాకు తెలుసు కదా! నాలుగో రోల్ విప్పినప్పుడు మొదటి వరుసలోనే ఎడమ 1501, కుడి 1502 నా కళ్లెదురుగానే ఉన్నాయి. చూసి ఉంటే 550 పుస్తకాలు మిగిలేవి. బజ్జీ తింటున్నాను.

ఇప్పుడు లోపలివన్నీ పీకుతున్నాం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే గమ్ కాస్త మెత్తబడుతోంది. పాత పుస్తకాల్లో మాత్రం లేబుల్‌తో పాటు కాగితం పొర లేచి వచ్చేస్తోంది. 1958 నాటి ప్రతి ఒకదానికి టైటిల్ పేజీలో సగం ఊడింది, అది మళ్లీ దొరికేది కాదు. ఆ అమ్మాయికి సారీ చెప్పాను. ‘పర్లేదు సార్’ అంది కానీ అప్పటి నుంచి లైబ్రరీ వైపు రావడం లేదు.

కొనేవాళ్లకు చెప్పేది ఇంతే. రెండు కాపీలు ఒకే రోల్‌లో తీసుకోకండి, స్పైన్‌కి ఒక రోల్, లోపలికి ఒక రోల్ విడిగా అడగండి. మొదటి ఇరవై నంబర్ల ఫొటో చూసి ఓకే అనకండి. రోల్ విప్పగానే మొదలూ చివరా చూడండి, అంటించేటప్పుడు యాభైకి ఒకసారి ఆగి రిజిస్టర్‌తో సరిచూసుకోండి. ఇంకా రాయొచ్చు గానీ ఓపిక లేదు, 600 పైన పీకాల్సినవి ఉన్నాయి.